కీటకముల రూపవిక్రియలో అవభాసిని మాంసకృత్తుల జన్యువులు: హార్మోనుల ఏలుబడి

వెన్నెముకగల జంతువులకు ఎముకలగూడు దేహము లోపల నుండగా, కీటకములకు ఆ గూడు దేహమునకు వెలుపల, బాహ్యచర్మముమీద పేరుకొనిన అవభాసిని రూపమున నున్నది. దేహమున కాకృతి నిచ్చునదియు, కండరములకు పట్టుగొమ్మయై యుండునదియు, లోపలి తేమ ఎండకు ఆవిరిగాకుండ కాపాడునదియు ఈ పొరయే. అయితే ఒకసారి గట్టిపడిన అవభాసిని దేహముతోపాటు పెరుగజాలదు గనుక, ఎదుగుచున్న ప్రతి కీటకమును పాతపొరను విడువక తప్పదు. విడుచుటకు ముందే, దానికంటె విశాలమైన క్రొత్తపొరను దాని యడుగున సిద్ధము చేసికొనకయు తప్పదు. సంపూర్ణ రూపవిక్రియగల జాతులలో ఈ పని మఱింత జటిలము. చిమ్మటవంటి జీవియొక్క బాహ్యచర్మ కణము, లేదా దాని సంతతి, డింభకదశలో మెత్తగా సాగు తొడుగును, ప్యూపా దశలో బిరుసైన డిప్పను, ప్రౌఢదశలో పొలుసులతో గూడిన వేఱొక కవచమును వరుసగా కట్టవలసియున్నది. కణములోని జన్యుసంపద మాత్రము ఆద్యంతము ఒక్కటే. ఆ సంపదలోనుండి ఏ జన్యువు ఏ గడియలో మేల్కొనవలెనో, ఏది నిద్రింపవలెనో నిర్ణయించునవి రక్తములో ప్రవహించు రెండు హార్మోనులు: ఎక్డైసోన్, జువినైల్ హార్మోను. ఈ యేలుబడిలో హార్మోను రాక ఎంత ముఖ్యమో, దాని పోక అంతకంటె ముఖ్యమని గత అర్ధశతాబ్దపు పరిశోధన తేటపఱచినది. ఈ విషయమును గూర్చిన పాఠ్యగ్రంథములు పెక్కు రాకను మాత్రమే వర్ణించి ఊరకుండుట విచారింపదగినది.

అవభాసిని నిర్మాణము

బాహ్యచర్మము ఒకే వరుస కణములతో ఏర్పడినది. ఆ కణములు తమ పైభాగమునుండి స్రవించు పదార్థము పొరలు పొరలుగా పేరుకొని అవభాసిని యగును. అన్నిటికంటె పైనుండు పలుచని పొరలో మైనము, కొవ్వులు, మాంసకృత్తులు ఉండునుగాని కైటిన్ ఉండదు. నీటిని నిలుపునది ఈ పొరయే. దానిక్రింద నున్న దళసరి భాగములో కైటిన్ పోగులు మాంసకృత్తులలో పొదిగియుండును. కైటిన్ అనునది నత్రజనిగల చక్కెర అణువులు గొలుసుగా కూడి యేర్పడు పదార్థము. దాని పోగులు ఒక్కొక్క తలములో ఒకే దిక్కునకు సాగి, ఆ క్రింది తలములో కొంచెము ప్రక్కకు తిరిగి, ఇట్లు మెలికలు దిరిగిన మెట్లవలె పేర్చబడియుండుటచేత అన్ని దిక్కులనుండి వచ్చు ఒత్తిడికి తట్టుకొనగలుగుచున్నవి.

కైటిన్ అన్ని అవభాసినులలోను దాదాపు ఒకేతీరున నుండును. గొంగళిపురుగు చర్మము మెత్తనగుటకును, పెంకుపురుగు రెక్కకప్పు రాతివలె నుండుటకును కారణము కైటిన్ గాదు. దానితో జతపడు మాంసకృత్తుల స్వభావము, వాటి నడుమనున్న నీటి పరిమాణము, పిమ్మట జరుగు రసాయనబంధనము. ఈ మాంసకృత్తులు పదికి మించిన కుటుంబములుగా విభజింపబడినవి. వాటిలో మిక్కిలి పెద్ద కుటుంబమునకు గుర్తు, ఒక నిర్దిష్టమైన ఎమినో ఆమ్లముల వరుస. పొగాకు కొమ్ముపురుగు డింభకపు జన్యువును పరిశీలించుచు 1988లో జాన్ రెబర్స్, లిన్ రిడిఫర్డ్ అను శాస్త్రజ్ఞులు ఆ వరుసను గుర్తించిరి గనుక అది వారి పేర రెబర్స్-రిడిఫర్డ్ క్రమముగా ప్రసిద్ధమైనది. 2001లో రెబర్స్, జుడిత్ విల్లిస్ కలిసి ఈ క్రమమును కైటిన్‌తో సంబంధములేని వేఱొక మాంసకృత్తుకు అతికించి చూడగా, అంతవరకు కైటిన్‌ను అంటని ఆ మాంసకృత్తు కైటిన్‌కు అతుక్కొనెను. కనుక ఈ వరుస కైటిన్ పోగును పట్టుకొను చేయి యని రుజువైనది. ఈ కుటుంబములో మొదటి తెగ సాధారణముగా మెత్తని అవభాసినియందును, రెండవ తెగ గట్టి అవభాసినియందును కానవచ్చును.

ఇచ్చట ఒక మాట. పొగాకు కొమ్ముపురుగు అమెరికా ఖండపు జీవి. గుంటూరు, ప్రకాశం జిల్లాల పొగాకు చేలలో రైతులకు తలనొప్పియైన లద్దెపురుగు వేఱొక జాతి. ఈ శాస్త్రమునకు మొదటిది చేసిన మేలు ఇంతంత గాదు. అరచేతి వెడల్పునకు ఎదుగు ఆ పురుగు చర్మమును ముక్కలుగా కోసి, గాజుపాత్రలో పోషకద్రవమునందు బ్రతికించి, హార్మోనును కావలసినప్పుడు కలిపి, వలదన్నప్పుడు కడిగివేయుటకు వీలుండుటచేతనే పెక్కు సంగతులు తెలియవచ్చినవి.

హార్మోనులు తెలియవచ్చిన విధము

కీటకములకు అంతఃస్రావక వ్యవస్థ యున్నదనుట ఒకప్పుడు ఎవరికిని తట్టని విషయము. పోలండు దేశీయుడైన స్టెఫాన్ కోపెచ్ జిప్సీ చిమ్మట గొంగళిపురుగులను దారముతో నడుమ బిగించికట్టి, వాటి మెదడును తొలగించి, 1917లోను 1922లోను ప్రకటించిన ప్రయోగములలో, మెదడు ఏదో ద్రవ్యమును స్రవించనిదే ప్యూపా యేర్పడదని చూపెను. కడపటి కుబుసము తరువాత కొన్నాళ్ళలోపల కట్టువేసినచో ముందుభాగము మాత్రమే ప్యూపాగా మారి, వెనుకభాగము డింభకముగనే మిగిలెను. గడువు మీఱిన పిమ్మట కట్టినచో రెండు భాగములును మారెను. జపాను దేశపు సోయిచి ఫుకుదా 1940లో పట్టుపురుగులపై కృషిచేసి, మెదడు ఆజ్ఞను అందుకొని అసలు హార్మోనును స్రవించునది వక్షములోని గ్రంథియని నిర్ణయించెను. జర్మనీలో బుటెనాంట్, కార్ల్‌సన్ అను రసాయనవేత్తలు 500 కిలోగ్రాముల పట్టుపురుగు ప్యూపాలను పిండి, 1954లో 25 మిల్లీగ్రాముల స్ఫటికములను పొందిరి. ఇదియే ఎక్డైసోన్. అది స్టిరాయిడ్ జాతి పదార్థమని దాని నిర్మాణము 1965లో ఎక్స్-కిరణములచేత రూఢియాయెను. కణములలో నిజముగా పనిచేయునది దానికి మఱియొక హైడ్రాక్సిల్ చేరిన రూపమని వెనువెంటనే తెలిసెను. ఈ వ్యాసములో సౌలభ్యముకొఱకు రెండింటిని ఎక్డైసోన్ అనియే వ్యవహరింతుము.

రెండవ హార్మోను చరిత్రకు నాయకుడు ఇంగ్లండు దేశీయుడైన విన్సెంట్ విగ్గిల్స్‌వర్త్. ఆయన ఎన్నుకొనిన జీవి దక్షిణ అమెరికాలో నెత్తురు పీల్చి బ్రతుకు రోడ్నియస్ అను నల్లి. ఒక్కొక్క దశలో ఒక్కసారి కడుపునిండ నెత్తురు త్రాగిన చాలును, అది లెక్క తప్పక కుబుసము విడుచును. కావున ప్రయోగమునకు ముహూర్తము ప్రయోగకర్త చేతిలోనే యుండును. 1934 మొదలు ప్రకటించిన వ్యాసపరంపరలో ఆయన, నల్లి మెదడు వెనుకనుండు కార్పోరా అల్లాటా అను గ్రంథులు శాబకదశను, అనగా రెక్కలు పూర్తిగ రాని పిల్లదశను, నిలిపి యుంచు స్రావమును పుట్టించునని నిరూపించెను. గడువునకు ముందు తల తీసివేసిన నల్లి కుబుసము విడువక నెలల తరబడి బ్రతికియుండెను. దానిని గడువు దాటిన వేఱొక నల్లితో, రక్తము కలియునట్లు అతికించినచో రెండును కలిసి కుబుసము విడిచెను. ఆ వేఱొక నల్లి చిన్నదశలోనిదైనచో, పెద్దది ప్రౌఢరూపమునకు పోవలసినదయ్యు శాబకరూపముననే చిక్కుకొనెను. ఈ స్రావమే జువినైల్ హార్మోను; దాని రసాయన నిర్మాణమును 1967లో రోలర్, ఆయన సహచరులు సెక్రోపియా చిమ్మటనుండి నిర్ధారించిరి.

విగ్గిల్స్‌వర్త్ చేసిన ప్రయోగములలో ఒకటి వినోదముగా కానవచ్చును గాని, దానియందలి అర్థము గంభీరము. కడపటి శాబకదశలోనున్న నల్లి ఉదరముమీద, జువినైల్ హార్మోను ప్రభావముగల ద్రవ్యముతో తన పేరుయొక్క పొడియక్షరములు మూడింటిని ఆయన వ్రాసెను. ఆ నల్లి కుబుసము విడిచి రెక్కలతో ప్రౌఢమై వెలువడినప్పుడు, దాని ప్రౌఢ అవభాసినిమీద ఆ అక్షరములు శాబకదశకు తగిన అవభాసినితో, చదువుటకు వీలైనంత స్పష్టముగా వెలసియుండెను. ఒక గీతకు ఇవతలి కణము శాబకపు తొడుగును, అవతలి కణము ప్రౌఢ తొడుగును కట్టినవన్నమాట. ఏ అవభాసిని కట్టవలెననునది దేహము మొత్తముమీద జరుగు తీర్మానము గాదు. కణము కణముగా, హార్మోను తనకు తగిలినదా లేదా యనుటనుబట్టి జరుగు తీర్మానము.

మఱియొక కథ ఈ చరిత్రలో విడువరానిది. ప్రేగునగరమునుండి హార్వర్డు విశ్వవిద్యాలయమునకు వచ్చిన కారెల్ స్లామా తనతో తెచ్చిన ఎఱ్ఱనల్లులు అక్కడ ప్రౌఢములు గాక, ఐదవ శాబకదశ పిమ్మట ఆఱవ, ఏడవ శాబకదశలకు పోయి మరణించుచుండెను. ఆయనయు కారల్ విలియమ్స్‌యు కలిసి మేతను, నీటిని, వెలుతురును ఒకదాని తరువాత నొకటి పరీక్షించి, తుదకు పాత్రలలో పరచిన కాగితపు తువాళ్ళు కారణమని 1965లో ప్రకటించిరి. అమెరికా కాగితము బాల్సమ్ ఫర్ అను చెట్టు గుజ్జునుండి తయారగును. ఆ చెట్టు కీటకముల జువినైల్ హార్మోనును పోలిన ద్రవ్యమును తనలో దాచుకొన్నది. న్యూయార్క్ టైమ్స్ పత్రిక ముక్కలు పురుగులను శాబకములుగ నిలిపివేసెననియు, లండన్ టైమ్స్ ముక్కలకు ఆ శక్తి లేకపోయెననియు వారు నమోదుచేసిరి. పత్రికలలోని వ్రాతకును దీనికిని సంబంధము లేదని పాఠకులు గ్రహింపగలరు.

రాకయు పోకయు

హార్మోను జన్యువుపై పనిచేయునను సంగతి మొట్టమొదట కంటికి కనబడినది దోమ జాతి డింభకముల లాలాజల గ్రంథులలో. అందలి క్రోమోసోములు వేలకొలది పోగులు ప్రక్కప్రక్కన చేరిన పెద్ద త్రాళ్ళవలె సూక్ష్మదర్శినిలో స్పష్టముగా కనబడును. పనిచేయుచున్న జన్యువు చోట త్రాడు ఉబ్బును. క్లెవర్, కార్ల్‌సన్ 1960లో కైరోనోమస్ డింభకములోనికి ఎక్డైసోన్‌ను ఎక్కింపగా, గంటలోపలనే నిర్దిష్టమైన చోట్ల ఉబ్బులు లేచెను. మైకేల్ ఆష్‌బర్నర్ పండ్ల యీగ గ్రంథులను వెలికిదీసి పరిశోధించి, 1974లో ఈ వ్యవహారమునకు ఒక సిద్ధాంతరూప మిచ్చెను: హార్మోను తన గ్రాహకముతో కూడి కొద్దిపాటి తొలి జన్యువులను నేరుగా మేల్కొలుపును, వాటినుండి పుట్టిన మాంసకృత్తులు నూటికి మించిన మలి జన్యువులను మేల్కొలుపుచు, తమ్ము పుట్టించిన తొలి జన్యువులను తామే అణచివేయును. గ్రాహకపు జన్యువు 1991లో డేవిడ్ హాగ్‌నెస్ ప్రయోగశాలలో చేజిక్కగా, అది అల్ట్రాస్పైరకిల్ అను తోడు లేనిదే పనిచేయదని అచిరకాలములోనే తెలిసెను.

ఇంతవరకు కథ హార్మోను రాకను గూర్చినది. అవభాసిని మాంసకృత్తుల జన్యువులు మాత్రము ఈ లెక్కకు ఒదుగలేదు. ఎక్డైసోన్ రక్తములో శిఖరము నందుకొన్నప్పుడు బాహ్యచర్మము పాత అవభాసినినుండి ఊడివచ్చును. ఆ నడిమి సందులోనికి పాతపొర లోభాగమును జీర్ణించు ద్రవము స్రవించును. కణములు విభజన పొందును. క్రొత్త అవభాసినికి కావలసిన మాంసకృత్తులు చాలవఱకు అప్పుడు పుట్టవు. హార్మోను తగ్గుముఖము పట్టిన తరువాతనే అవి పుట్టును. కాలిఫోర్నియాలో జేమ్స్ ఫ్రిస్ట్రమ్, ఆయన సహచరులు పండ్ల యీగ డింభకములోని ప్రౌఢావయవ చక్రికలను, అనగా మునుముందు రెక్కలు, కాళ్ళుగా మారవలసిన కణసముదాయములను, పాత్రలో పెంచి దీనిని నిస్సందేహముగ చూపిరి. ఎక్డైసోన్ ఎన్నడును తగులని చక్రికలలో ప్యూపా అవభాసిని జన్యువులు మేల్కొనలేదు. ఎక్డైసోన్ ఎడతెగక తగులుచున్న చక్రికలలోను మేల్కొనలేదు. కొన్నిగంటలు హార్మోనులో నుంచి, పిదప దానిని కడిగివేసిన చక్రికలలో మాత్రమే అవి పనికి దిగినవి. పాలు కాగనిదే పెరుగు కాదు, కాగిన పాలు చల్లారనిదే తోడువేసినను తోడుకొనవు; ఈ జన్యువుల నడవడియు అటువంటిదే.

చల్లారుటను జన్యువు ఏ విధముగ గుర్తించును? ఇందులకు సమాధానము గొలుసుకట్టుగ లభించినది. ఎక్డైసోన్ ఉన్నతస్థితిలో నుండగా హెచ్ఆర్3 అను నియంత్రకము పుట్టును. అది ఎఫ్‌టీజెడ్-ఎఫ్1 అను మఱియొక నియంత్రకమును పుట్టింపజూచును గాని, ఎక్డైసోన్‌చేతనే ప్రేరితమైన ఈ75, బ్లింప్-1 అను నిరోధకములు దానిని ఆపియుంచును. ఈ నిరోధకములు స్వల్పాయువులు. హార్మోను తగ్గిన వెంటనే అవి నశించును. అడ్డు తొలగిన ఎఫ్‌టీజెడ్-ఎఫ్1 ఆ కొద్దిపాటి విరామములో వెల్లువగ పుట్టి, ఈడీజీ84ఏ వంటి ప్యూపా అవభాసిని జన్యువుల మొదటనున్న నియంత్రక భాగమున కంటుకొని వాటిని నడిపించును. 1996లో జపాను శాస్త్రజ్ఞులు ఎఫ్‌టీజెడ్-ఎఫ్1ను కావలెనని ముందుగా పుట్టింపగా, ఈడీజీ84ఏ కూడ తన వేళకు ముందే మేల్కొనెను. పట్టుపురుగు రెక్కలలోని అవభాసిని జన్యువులను పరిశీలించిన జపాను, చైనా పరిశోధకులును ఇదే క్రమమును, ఇదే నియంత్రకమును కనుగొనిరి. ఈగకును చిమ్మటకును మధ్య కోట్ల సంవత్సరముల యెడము ఉన్నను ఈ ఏర్పాటు చెక్కుచెదరకుండుట గమనింపదగినది.

అన్ని జన్యువులును ఒకే గడియకు పనిచేయవు. కొన్ని హార్మోను పెరుగుచుండగనే, కొన్ని తగ్గుచుండగ, కొన్ని పూర్తిగ అదృశ్యమైన తరువాత మేల్కొనును. ఏ పొర ముందు పడవలెనో, ఏది తరువాతనో ఈ విధముగ ఏర్పడును. కుబుసము విడిచిన పిమ్మట క్రొత్తపొరను గట్టిపరచి రంగుతేల్చు పనిలో ముఖ్యమైన డోపా డీకార్బాక్సిలేజ్ అను ఎంజైము కూడ ముందు హార్మోను స్పర్శను, తరువాత దాని అభావమును కోరును. ఇక పొగాకు కొమ్ముపురుగు డింభకములో ఎల్‌సీపీ14 అను జన్యువు కుబుసముల నడిమికాలములో పనిచేయుచు, ప్రతి కుబుసమునకు ముందు ఎక్డైసోన్ పెరుగగానే నోరు మూసికొని, అది తగ్గినపుడు మరల పలుకును. కాని కడపటి దశలో అది ఒకసారి మూసికొన్న నోరు మరల తెరువదు. అచ్చట రెండవ హార్మోను ప్రసక్తి వచ్చును.

డింభకమా, ప్యూపాయా, ప్రౌఢమా

ఎక్డైసోన్ కుబుసము విడువుమని మాత్రమే చెప్పును. విడిచిన పిమ్మట ఏ రూపము దాల్పవలెనో చెప్పునది జువినైల్ హార్మోను. రక్తములో నిది యుండగా ఎక్డైసోన్ వచ్చినచో, పురుగు మఱియొక డింభకముగ మారును. కొమ్ముపురుగు కడపటి దశలో తగిన బరువు నందుకొన్న తరువాత జువినైల్ హార్మోను క్షీణించును. అది లేనివేళ ఎక్డైసోన్ స్వల్పముగ ఒకసారి తలయెత్తును. ఈ చిన్న అల కుబుసము విడిపించుటకు చాలదుగాని, మేత మానిపించి పురుగును నేలలో దూరుటకు సంచారము పట్టించును. దానితోపాటు బాహ్యచర్మ కణములను తిరిగిరాని నిర్ణయమునకు ఒడంబరచును. ఎల్‌సీపీ14 శాశ్వతముగ మూతపడునది అప్పుడే. ఆ పిమ్మట జువినైల్ హార్మోనును ఎంత పోసినను ఆ కణములు డింభకపు తొడుగును కట్టవు. కొలది దినములకు ఎక్డైసోన్ పెద్ద అలగ వచ్చి ప్యూపా అవభాసినిని కట్టించును.

జువినైల్ హార్మోను గ్రాహకము మెథోప్రీన్-టాలరెంట్ అను మాంసకృత్తు. దీని జన్యువును ఎఱ్ఱపిండిపురుగులో అణచివేసినచో, ఇంకను ఎదుగవలసిన చిన్న డింభకములు తొందరపడి ప్యూపాలగునని కొనొపోవా, యిండ్రా 2007లో చూపిరి. హార్మోనుతో కూడిన ఈ గ్రాహకము క్రుప్పెల్ హోమోలాగ్-1 అను నియంత్రకమును పుట్టించి, దానిద్వారా రూపవిక్రియను ఆపుచున్నది. జువినైల్ హార్మోను తొలగినప్పుడు బ్రాడ్ అను నియంత్రకము తలయెత్తి ప్యూపా రూపమునకు దారితీయును. అటుపిమ్మట ఈ93 అను నియంత్రకము ప్రౌఢరూపమునకు దారితీయును. అవభాసిని జన్యువులు బ్రాడ్ ఆజ్ఞను ఎంతగ పాటించునో జౌ, రిడిఫర్డ్ 2002లో పండ్ల యీగలో చూపిరి. ప్రౌఢ అవభాసిని కట్టవలసిన వేళ బ్రాడ్‌ను బలవంతముగ పుట్టింపగా, ప్రౌఢ అవభాసిని జన్యువు ఊరకుండి, పని ముగించి విరమించిన ప్యూపా జన్యువులు రెండవమారు మేల్కొనెను. ఈ93ను అణచిన పిండిపురుగు ప్యూపా కూడ ప్రౌఢము కాక మఱియొక ప్యూపాగ మారినది. ప్యూపా మీద జువినైల్ హార్మోనును పూసినప్పుడు జరుగునదియు ఇదియే. ముప్పాతిక శతాబ్దము క్రిందట శస్త్రముతో గ్రంథులను మార్చి చూచిన ఫలితములు నేడు ఒక్కొక్క జన్యువు పేరున మరల దర్శన మిచ్చుచున్నవి.

జన్యువుల బాహుళ్యము

మొదటి పరిశోధకులు డింభకమునకు ఒక జన్యుసమూహము, ప్యూపాకు ఒకటి, ప్రౌఢమునకు ఒకటి వేఱువేఱుగ నుండునని తలచిరి. చక్కని భావన, కాని ప్రకృతి దానిని పూర్తిగ ఆమోదింపలేదు. సెక్రోపియా చిమ్మటయొక్క వివిధ దశల అవభాసినులను విడదీసి పరీక్షించిన జుడిత్ విల్లిస్, మాంసకృత్తులు దశనుబట్టి కాక చాలవఱకు అవభాసిని మెత్తనిదా గట్టిదా యనుదానిని బట్టి మారుచున్నవని చూపెను. డింభకముయొక్క గట్టి తలడిప్పలో నున్నవి మెత్తని వీపుచర్మములో లేకపోవచ్చును. వీపున నున్నది ప్రౌఢపు కీళ్ళమధ్య మెత్తనిచోట మరల ప్రత్యక్షము కావచ్చును. కనుక హార్మోను చేయు పని ఒక పుస్తకమును మూసి మఱియొకటి తెఱచుట గాదు. కణము దేహములో ఎచ్చట నున్నదో ఆ చోటి లక్షణముతో కలిసి, ఉన్న జన్యువులను ఎంచి కూర్చుట.

పట్టుపురుగు జన్యుసంపదలో 220 అవభాసిని మాంసకృత్తుల జన్యువులను గుర్తించి 2008లో ప్రకటించిరి. వాటిలో 148 రెబర్స్-రిడిఫర్డ్ క్రమముగలవి. మలేరియాను వ్యాపింపజేయు అనాఫిలిస్ గాంబియే దోమలో ఈ క్రమముగలవి 156. తేనెటీగలోనో, ఇవి 30కి అటునిటుగ మాత్రమే యున్నవి. దాని డింభకమును ప్యూపాయు మైనపు గదులలో, ఎండ యెఱుగక, శత్రువు నెఱుగక పెరుగుటయే ఇందులకు కారణమై యుండునని కొందఱు ఊహించుచున్నారు. జన్యువులు క్రోమోసోముపై గుంపులుగ, ఒకదాని ప్రక్క నొకటి యుండుట, ఒక మూలజన్యువు పదేపదే నకలగుటచేత ఇవి పెరిగినవనుటకు సాక్ష్యము. పండ్ల యీగ ప్యూపా జన్యువులలో నొకటి మాత్రము ఎవ్వరును ఊహింపని చోట దొరకినది: ప్యూరీనులను తయారుచేయు ఎంజైము జన్యువులో, మాంసకృత్తుకు పనికిరాని మధ్యభాగమునందు, ఎదురు పోగుమీద, తలక్రిందుగ. ఒక జన్యువు కడుపులో దానితో సంబంధములేని వేఱొక జన్యువు కాపురముండుట 1986లో ఇట్లు బయలుపడినప్పుడు జీవశాస్త్రజ్ఞులు మిక్కిలి విస్మయమొందిరి.

ఇన్ని జన్యువులున్నందున ఒకటి చెడిన నష్టమేమని తోచవచ్చును. పట్టుపురుగులో స్టోనీ అను ఉత్పరివర్తిత జాతి యున్నది. దాని డింభకమును వ్రేళ్ళతో నొక్కి చూచినచో మామూలు పురుగువలె మెత్తగ నుండక బిగుసుకొని గట్టిగ తగులును. ఖండముల నడిమి ముడుతలు అస్తవ్యస్తముగ నుండును. 2014లో చైనా పరిశోధకులు ఈ వికారమంతయు మెత్తని తెగకు చెందిన ఒకే ఒక అవభాసిని జన్యువు చెడుటవలన గలిగినదని కనుగొనిరి. ఎఱ్ఱపిండిపురుగు రెక్కకప్పులో సమృద్ధిగ నుండు సీపీఆర్27 అను అవభాసిని మాంసకృత్తుయొక్క జన్యువును అణచినచో ఆ కప్పులు పొట్టివై, ముడుతలుపడి, వీపుమీద కలిసికొనజాలకుండెను.

కుబుసపు వేళను తప్పించుట

హార్మోను రాకపోకలను గూర్చిన ఈ జ్ఞానము పురుగుమందులలో ఒక క్రొత్త తరగతికి అర్థము చెప్పినది. టెబుఫెనొజైడ్ అనునది స్టిరాయిడ్ కాకున్నను ఎక్డైసోన్ గ్రాహకమును పట్టుకొనును. చిమ్మట జాతి పురుగులయందు దాని పట్టు మిక్కిలి గట్టిది. కెనడా అడవులను తినివేయు స్ప్రూస్ మొగ్గపురుగుపై అర్థర్ రెట్నకరన్, పల్లి సుబ్బారెడ్డి మొదలగువారు దీనిని పరిశీలించిరి. సుబ్బారెడ్డి అంతకుముందే, 1992లో, రిడిఫర్డ్ ప్రయోగశాలలో కొమ్ముపురుగు హెచ్ఆర్3 జన్యువును వెలికిదీసినవారిలో ఒకరు. మందు తగిలిన పురుగు వెంటనే మేత మాని, వేళకాని వేళ కుబుసమునకు దిగును. పాత తలడిప్ప ముందుకు జాఱి నోటిమీద తొడుగువలె వ్రేలాడును. లోపల క్రొత్త అవభాసిని పలుచగ, వికృతముగ, రంగుతేలక యుండును. అసలు ఎక్డైసోన్ తన పని ముగియగానే శిథిలమై పోవును. ఈ నకిలీ మాత్రము పోదు. పోనందున హెచ్ఆర్3 వంటి మొదటి అంకపు జన్యువులు మేల్కొన్నను, హార్మోను అభావమును కోరు తరువాతి అంకపు జన్యువులు మేల్కొనవు. పురుగు విషముచేత కాక, తన అవభాసిని తాను ముగింపలేక, పాతపొరలోనే చిక్కి చచ్చును.

పట్టుపరిశ్రమలో ఇదే శాస్త్రము పురుగును చంపుటకు కాక పనికొఱకు వినియోగపడుచున్నది. హిందూపురము, ధర్మవరము, మదనపల్లె ప్రాంతముల రైతులు జ్వరమని చెప్పుకొను స్థితి, అనగా పురుగు మేత మాని, తల పైకెత్తి, ఒక దినమునకు అటునిటుగ కదలక యుండు స్థితి, పైని వర్ణించిన ఎక్డైసోన్ అలయే. ఇటువంటివి నాలుగు దాటి ఐదవ దశలో పురుగు పండును, అనగా గూడు కట్టుటకు సిద్ధమగును. అన్నియు ఒకేసారి పండక, కొన్ని ముందు, కొన్ని వెనుక పండుటచేత గూడు కట్టు తట్టలైన చంద్రికలలోనికి ఏఱివేయుటకు కూలిజనము రాత్రింబగళ్ళు కావలసివచ్చును. కొన్ని మొక్కలు తమలో ఎక్డైసోన్‌ను పోలిన ద్రవ్యములను దండిగ నుంచుకొనును. వాటిని మల్బరీ ఆకుమీద చల్లి, పురుగులు పండుట ప్రారంభించిన వేళ మేపినచో అన్నియు దాదాపు ఒక్కసారిగ పండి గూడు కట్టుటకు దిగును. రైతు ఆత్రపడి ఆ వేళకు ముందే చల్లినచో, పట్టుగ్రంథులు నిండకమునుపే పురుగులు మేత మానును. గూళ్ళు తేలికపడి, తూకములో ధర తగ్గును.